గొట్టం చివర ఎక్కడ ఆగింది?

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారం. గుంటూరులో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. మా స్నేహితులం కొందరం కలిసి రెండు సీట్ల చిన్న విమానం ఒకటి చూసుకుంటున్నాం. ఇంజన్ రోటాక్స్ 912, దానికి పెట్రోలును గాలితో కలిపి ఇచ్చే బింగ్ కార్బురేటర్లు రెండు. లోపలికి పెట్రోలు వాసన వస్తోందని ఆ రెండింటి వెంట్ (గాలి) గొట్టాలనూ ఇంజన్‌కు గాలి అందించే ఎయిర్ బాక్స్ నుంచి ఊడదీసి, కౌలింగ్ (ఇంజన్ మీది కప్పు) కిందుగా బయటికి వదిలాం. నేల మీద ఇంజన్ చక్కగా తిరుగుతోంది. పైకెళ్లి వంద కిలోమీటర్ల వేగం అందుకోగానే వణుకు మొదలవుతోంది, ఒక పక్క ఎగ్జాస్ట్ టెంపరేచర్ పెరుగుతోంది. రెండుసార్లు ట్యూనింగ్ చేశాం. పెట్రోలును కొలిచి వదిలే జెట్లు మార్చాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, జెట్ల జోలికి వెళ్లొద్దు. ఇది తేలేదాకా విమానాన్ని పైకి లేపొద్దు.

నూనె డబ్బాకు ఇంట్లో రెండు చిల్లులు పెడతాం కదా. ఒకదాంట్లోంచి నూనె వస్తుంది, రెండోది గాలి లోపలికి వెళ్లడానికి. కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెను బౌల్ అంటాం, దానికి వెంట్ అలాంటి రెండో చిల్లు. ఇంజన్ పెట్రోలును పీలుస్తుందని అందరం అనేస్తాం గానీ, నిజానికి బౌల్‌లో ఉన్న గాలి పెట్రోలును జెట్ గుండా పైకి నెడుతుంది. ఆ నెట్టే గాలి పీడనం, కార్బురేటర్ మూతి దగ్గరున్న గాలి పీడనం ఒక్కటిగా ఉండాలి. అందుకే ఆ గొట్టాలను ఎయిర్ బాక్స్‌కే కలిపి ఇచ్చారు.

మీరు వాటిని బయటి గాలిలో పెట్టారు. గొట్టం నోరు గాలికి ఎదురుగా ఉంటే బౌల్‌లో పీడనం పెరిగి మిక్చర్ రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు ఎక్కువవుతుంది. నోరు వెనక్కి తిరిగి ఉంటే గాలి లాగేసి లీన్ అవుతుంది, అంటే పెట్రోలు తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. ఒక్కో కార్బురేటర్ రెండేసి సిలిండర్లకు ఇస్తుంది కాబట్టి, ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా మండితే వణకక ఏం చేస్తుంది? వేడెక్కే వైపు గొట్టం చివర ఎటు తిరిగి ఉందో, ఎలా కోశారో ఒకసారి చూడండి.

ఇంత చిన్న గాలికేనా అనుకోవద్దు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి పూర్తిగా పడితే వచ్చే పీడనం సుమారు 470 పాస్కల్. పెట్రోలు మట్టంగా చెబితే 65 మిల్లీమీటర్లు. బౌల్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపేది తేలే ఫ్లోట్. దాని ఎత్తులో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తేనే మేం బండి బయటికి వదలం. నేల మీద ఆ గాలి ఉండదు, అందుకే మీ ట్యూనింగ్‌లో ఏమీ దొరకలేదు.

ఈ వెంట్ విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు బళ్లు వరసకట్టాయి. ఒక కుర్రాడి బండి స్టార్ట్ అవుతుంది, వీధి చివరిదాకా వెళ్లి ఆగిపోతుంది. రెండుసార్లు కార్బురేటర్ విప్పి కడిగాను, కొత్త జెట్లు కొనిపించాను. మూడో రోజు గానీ వెంట్ గొట్టం మీద నా చూపు పడలేదు. చివర్లో ఒండ్రు ఎండి బిరడాలా బిగుసుకుపోయింది. ఇల్లు మునిగి ఉన్నవాడి చేత అనవసరంగా ఖర్చు పెట్టించానన్న బాధ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఏ కార్బురేటర్ వచ్చినా ముందు వెంట్ ఊది చూస్తాను.

మీరు గొట్టాలను మళ్లీ ఎయిర్ బాక్స్‌కే కలపండి. ఎక్కడా నలగకూడదు, కిందికి వేలాడే వంపు ఉండకూడదు. ఆ వంపులో పెట్రోలు నిలిస్తే గొట్టం మూసుకున్నట్టే. మీరు వదిలిన చోటు ఎగ్జాస్ట్‌కి దగ్గరైతే అది ఇంకా పెద్ద ప్రమాదం, ఒక్క చుక్క చాలు.

ఇక వాసన. అసలు జబ్బు అక్కడుంది. బౌల్ పొంగుతోందని నా అనుమానం. ఈ బింగ్ ఫ్లోట్లు కొన్ని పెట్రోలు పీల్చుకుని బరువెక్కుతాయి, మట్టం పెరిగి వెంట్‌లోంచి పొర్లుతుంది. ఒక్కో కార్బురేటర్‌లో ఉన్న రెండు ఫ్లోట్లూ కలిపి 7 గ్రాములు దాటకూడదు. కూరగాయల కాటా మీద ఇది తేలదు, తెలిసిన బంగారం కొట్టుకు తీసుకెళ్లి తూయించండి. తూచేముందు బాగా తుడవండి. బౌల్‌లోకి పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వ్ కింద చెత్త ఉందేమో కూడా చూడండి. బంకులో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తుంటే అదీ ఆపాలి. ఈ ఇంజన్‌కు 10 శాతమే హద్దు.

అన్నీ బిగించాక తాపీమేస్త్రీలు వాడే లెవెల్ గొట్టం ఒక ముక్క తెచ్చి, రంగు నీళ్లు పోసి యూ ఆకారంలో కట్టండి. ఒక కొస వెంట్ గొట్టానికి టీ (T) ఆకారపు ముక్క వేసి కలపండి, రెండోది ఎయిర్ బాక్స్‌కి. విమానాన్ని గట్టిగా కట్టేసి ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. రెండు వైపులా నీళ్లు సమంగా నిలవాలి. ప్రొపెల్లర్‌కి దూరంగా, పక్కనుంచి చూడాలి సుమా. తర్వాత లైసెన్సున్న ఇంజనీరు చూసి సంతకం పెట్టాకే పైకి వెళ్లండి. ఫ్లోట్లు ఎంత తూగాయో, నీళ్లు ఎంత కదిలాయో నాకు రాయండి.