హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయినా...

ప్రశ్న: నమస్తే అండీ. మేం వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం, రోజూ ఆఫీసుకి పర్పుల్ లైన్ మెట్రోలో వెళ్తూ ఏదో ఒకటి చదువుకుంటా. మొన్న ఫ్రెండ్ ఇస్తే హిగాషినో కెయిగో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' చదివా. చంపిందెవరో మొదట్లోనే చెప్పేశాడు, అయినా మూయబుద్ధి కాలేదు, దిగాల్సిన స్టేషన్ దాటిపోయా. చిన్నప్పుడు తాతయ్య దగ్గరున్న తెలుగు డిటెక్టివ్ నవలలన్నీ నమిలేశాను గానీ ఇలాంటిది చూళ్ళేదు. జపాన్ వాళ్ళవి ఇంకేం చదవొచ్చు? పేర్లే అస్సలు గుర్తుండట్లేదు.
- ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు పేర్ల సంగతి చూద్దామండీ. వాళ్ళకీ మనలాగే ఇంటిపేరే ముందు. హిగాషినో అనేది ఇంటిపేరు, కెయిగో అసలు పేరు. ఇంగ్లీషు అట్టల మీద చాలాసార్లు తిరగేసి వేస్తారు, లోపలేమో పోలీసులందరూ ఇంటిపేర్లతోనే పిలుచుకుంటుంటారు, అక్కడే మనకి తికమక. నేనైతే చిన్న కాగితం మీద ఇంటిపేరు, పక్కన ఆ మనిషి చేసే పని రాసుకుని పుస్తకంలోనే పెట్టుకుంటా, ఓ యాభై పేజీలు దాటాక దాంతో పనుండదు.

ఇక మిమ్మల్ని స్టేషన్ దాటించింది ఎవరు అనే ప్రశ్న కాదు కదా, ఎందుకు, ఎలా దాచారు అనేవి. హిగాషినో రాతలోకి రాకముందు ఇంజనీరు, ఆ లెక్క కథలో కనిపిస్తూనే ఉంటుంది. ఆ నవలకి జపాన్‌లో పేరున్న సాహిత్య బహుమతి నవొకి ప్రైజ్ వచ్చింది. కానీ జపాన్‌లో ఈ 'ఎందుకు'ని పెద్ద పీట మీద కూర్చోబెట్టింది ఆయనకంటే చాలా ముందువాడు, మత్సుమోతో సెయిచో. మీ తర్వాతి పుస్తకం ఆయనదే కావాలని నా కోరిక. 1957లో 'తబి' అనే ప్రయాణాల పత్రికలో సీరియల్‌గా మొదలైన నవల, ఇప్పుడు ఇంగ్లీషులో 'టోక్యో ఎక్స్‌ప్రెస్' పేరుతో దొరుకుతుంది, పాత ఎడిషన్ అయితే 'పాయింట్స్ అండ్ లైన్స్', రెండూ ఒకటే, తెలీక రెండుసార్లు కొనకండి. ఫుకువోకా దగ్గర సముద్రపొడ్డున ఓ మగ, ఓ ఆడ శవాలు దొరుకుతాయి, ప్రేమికులు విషం తాగి చచ్చిపోయారని అందరూ అనేసుకుంటారు. అతని జేబులో రైల్లో భోజనం చేసిన బిల్లు ఉంటుంది, ఒక్కరికే. చావడానికి కలిసి బయల్దేరిన వాళ్ళల్లో ఒకరే ఎందుకు తిన్నారు? ఈ చిన్న ముక్క పట్టుకుని ఓ ముసలి డిటెక్టివ్ వదలడు. టోక్యో స్టేషన్‌లో 13వ ప్లాట్‌ఫాం మీద నిలబడితే 15వది కనపడేది రోజు మొత్తమ్మీద ఓ నాలుగు నిమిషాలే, మిగతా టైం అంతా మధ్యలో ఏదో ఒక రైలు అడ్డం ఉంటుంది, ఆ నాలుగు నిమిషాల చుట్టూ కథ తిరుగుతుంది. చచ్చిపోయినతను లంచాల కేసు నడుస్తున్న మంత్రిత్వ శాఖలో ఉద్యోగి. ఇంతకన్నా చెప్పను, చెబితే మీకు అన్యాయం చేసినట్టే. రైల్లో కూర్చుని రైళ్ళ టైంటేబుల్ నవల చదవడం ఎంత బాగుంటుందో మీరే చూడండి.

దాని తర్వాత మియాబె మియుకి. 1992లో వచ్చిన 'కాషా', ఇంగ్లీషులో 'ఆల్ షీ వాజ్ వర్త్'. కాబోయే భార్య కనపడకుండా పోయింది, వెతికిపెట్టమని ఓ బంధువు మోకాలి దెబ్బతో సెలవులో ఉన్న పోలీసాయన దగ్గరకొస్తాడు. తవ్వేకొద్దీ క్రెడిట్ కార్డులు, అప్పులు, ఆ అప్పుల్లో మునిగిన మామూలు మనుషులు. మన బెంగళూరులో జీతం పడ్డ రోజే ఈఎంఐలకి పోయే ఇళ్ళు ఎన్ని లేవు, అందుకే ఇది చదువుతుంటే నాకు జపాన్ అనిపించలేదు, పక్క ఫ్లాట్ కథలా ఉంది. నిద్ర పట్టలేదు నిజంగా.

తాతయ్య నవలల్లాగా తలుపులేసిన గది, లోపల శవం కావాలంటే యొకొమిజో సెయిషి 'ది హోంజిన్ మర్డర్స్'. పెళ్ళి రాత్రి, బయట మంచు, అడుగుజాడ ఒక్కటీ లేదు. ఇందులో డిటెక్టివ్ కిందాయిచి నలిగిన బట్టల్లో, చెదిరిన జుట్టు గోక్కుంటూ వస్తాడు, నాకు చాలా ఇష్టం.

పుస్తకాలకి ఎంజీ రోడ్‌లో దిగి చర్చ్ స్ట్రీట్ వైపు నడవండి, అక్కడ సెకండ్ హ్యాండ్ అరల్లో ఓపిగ్గా వెతకండి.

ప్రశ్న: మావాడు ఎనిమిదో క్లాసు, కోనన్ కార్టూన్ పిచ్చి. వాడికి సరిపోయే జపాన్ డిటెక్టివ్ పుస్తకం ఉందా?
- ఓ తండ్రి, కేఆర్ పురం, బెంగళూరు

జవాబు: ఉందండీ, దారి ఆ కార్టూన్‌లోనే ఉంది. అందులో హీరో కుర్రాడి పేరు ఎదొగావా కోనన్, దాంట్లో కోనన్ అంటే షెర్లాక్ హోమ్స్‌ని రాసిన కోనన్ డాయిల్, ఎదొగావా అంటే జపాన్ రచయిత ఎదొగావా రాంపో. ఈ రాంపో అసలు పేరు హిరాయి తారో, అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో మీద అభిమానంతో పెట్టుకున్న కలం పేరది, గబగబా పలికి చూడమనండి, ఎడ్గార్ ఆలన్ పో అన్నట్టే వినపడుతుంది. 1923లో మొదటి కథ అచ్చయింది. పిల్లల కోసం 1936లో మొదలుపెట్టిన 'ది ఫీండ్ విత్ ట్వెంటీ ఫేసెస్' ఇంగ్లీషులోకీ వచ్చింది, ఇరవై వేషాల దొంగ, వాడి వెంటపడే డిటెక్టివ్ అకెచి, ఆయన దగ్గరుండే కొబయాషి అనే కుర్రాడు. అది ఇవ్వండి. అదే రచయిత పెద్దవాళ్ళకి రాసిన కథలు మాత్రం ఇప్పుడే వద్దు, వాటిల్లో భయం, వికారం రెండూ ఎక్కువ, ఇంకో నాలుగైదేళ్ళు ఆగి ఇవ్వొచ్చు.