నెల్లూరు రొట్టెల పండక్కి హిందువులు వెళ్లొచ్చా? వెళ్తే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదే కదా, హైదరాబాద్ లో ఉంటాం, హిందువులం, ఆఫీసులో ఎవరో చెప్తే విన్నాం, ఈసారి నెల్లూరు రొట్టెల పండగ చూడాలని ఉంది, ఊరికే చూడ్డానికి వెళ్తే అక్కడోళ్లు ఏమన్నా అనుకుంటారా, ఏ రోజు వెళ్తే మంచిది అని. నేను నెల్లూరులో ఆ పండగ జరిగే దర్గామిట్ట దగ్గరే పుట్టి పెరిగా, ఉద్యోగం బెంగళూరులో అయినా ఈ పండక్కి వీలు కుదిరితే ఊరికి పోతుంటా, అందుకని తెలిసింది చెప్తా. కొంచెం పెద్దగా ఉంటది, ఓపిక చేసుకుని చదవండి.

ఈ పండగ జరిగేది బారాషహీద్ దర్గా పక్కనే ఉన్న స్వర్ణాల చెరువులో, కోరిక తీరినోళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నోళ్లు పుచ్చుకుంటారు. ముందు మీ అనుమానం సంగతి. హాయిగా వెళ్లండి. అక్కడ చెరువులో దిగి నిలబడే వాళ్లలో బొట్టు పెట్టుకున్నోళ్లు, బురఖా వేసుకున్నోళ్లు, మెడలో సిలువ ఉన్నోళ్లు అందరూ ఒకళ్ల పక్కన ఒకళ్లు ఉంటారు, నువ్వు ఎవరు, ఏం కులం, ఏ ఊరు అని అడిగేవాళ్లు ఉండరు. అడిగేది ఒక్కటే, "నీకు ఏం రొట్టె కావాల?" తెలంగాణలో పల్లెల్లో పీర్ల పండగ చూసి ఉంటే మీకు ఇదేం కొత్తగా అనిపించదు, అక్కడ కూడా పీర్లని ఎత్తుకునే వాళ్లలో, అలావా (నిప్పుల గుండం) చుట్టూ ఆడేవాళ్లలో సగం మంది హిందువులేగా.

కథ క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే అది తెలియకపోతే చెరువులో ఏం జరుగుతుందో అర్థం కాదు. బారాషహీద్ అంటే పన్నెండు మంది అమరులు. 1751 లో కొడవలూరు దగ్గర జరిగిన యుద్ధంలో వాళ్లు చనిపోయారని, తలలు అక్కడే తెగిపడితే మొండేలని గుర్రాలు మోసుకుంటా నెల్లూరు చెరువు గట్టు దాకా వచ్చాయని, వాళ్లని ఇక్కడే సమాధి చేశారని మా పెద్దోళ్లు చెప్తారు. చాన్నాళ్ల తర్వాత అదే చెరువులో బట్టలుతికే చాకలి దంపతులు రాత్రి గట్టు మీదే నిద్రపోతే ఆమెకి కలలో ఈ అమరులు కనపడి, ఆర్కాటు నవాబు భార్యకి జబ్బుగా ఉంది, మా సమాధుల దగ్గర మట్టి తీసి నుదుటికి రాస్తే తగ్గుతుంది అన్నారంట. అట్లాగే తగ్గిందంట, నవాబు భార్యతో సహా నెల్లూరు వచ్చి మొక్కు తీర్చుకుని, తెచ్చుకున్న రొట్టెల్లో తాము తిన్నవి పోను మిగిలినవి అక్కడున్నోళ్లకి పంచారంట. ఇందులో ఎంత చరిత్ర, ఎంత కథ అని నన్ను అడగొద్దు, నేను చిన్నప్పట్నుంచి విన్నది ఇదే. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే పండగ మొదలైంది నవాబు వల్ల కాదు, గట్టు మీద పడుకున్న చాకలామె కల వల్ల.

ఇక అసలు విషయం. స్వర్ణాల చెరువులో ఘాట్ మెట్ల దగ్గర మోకాళ్ల లోతు నీళ్లలో జనం నిలబడి ఉంటారు. పోయిన ఏడాదో అంతకుముందో ఒక కోరికతో రొట్టె పుచ్చుకుని, ఆ కోరిక తీరినోళ్లు, ఇప్పుడు అదే కోరిక రొట్టెని ఇంట్లో చేసుకుని తెచ్చి ఇస్తారు. కోరిక ఉన్నోళ్లు పుచ్చుకుంటారు. అంతే పండగ. పూజారి లేడు, ముల్లా లేడు, మధ్యలో ఎవరూ లేరు. రొట్టెలకి పేర్లు ఉంటాయి, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ప్రమోషన్ రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, ఆరోగ్యం రొట్టె, వ్యాపారం రొట్టె, వీసా రొట్టె కూడా ఉంది, మన జిల్లా నుంచి కువైట్ కి, అమెరికాకి పోయేవాళ్లు జాస్తి కాబట్టి అది బాగా పోతుంది. చూడ్డానికి అన్నీ ఒకటే, గోధుమపిండి చపాతీలు, ఏది ఏ రొట్టో చేతిలో పట్టుకున్న మనిషి నోటితో చెప్తేనే తెలుస్తుంది. అందుకే అక్కడ గోల గోలగా ఉంటది, "ఇంటి రొట్టె ఎవరికమ్మా ఇంటి రొట్టె" అని ఒకళ్లు, "ఆరోగ్యం రొట్టె ఉందా అన్నా" అని ఇంకొకళ్లు, కూరగాయల మార్కెట్ లో అరిచినట్టు అరుస్తుంటారు, భక్తి అంటే మౌనంగా ఉండాలి అనుకునేవాళ్లకి మొదట కొంచెం వింతగా ఉంటది.

మా అక్కకి పెళ్లయి చాలా ఏళ్లు పిల్లల్లేరు. చెన్నైలో చూపించుకుంటానే ఉంది, మందులు వాడతానే ఉంది, అమ్మ పోరు పడలేక ఒక ఏడాది సంతానం రొట్టె పుచ్చుకోవడానికి వచ్చింది. ఇష్టంగా రాలేదు, "ఇన్ని వేల మందిలో నాకు పిల్లల్లేరని అరిచి చెప్పుకోవాలా" అని ముందురోజు రాత్రంతా అమ్మతో గొడవ. తీరా నీళ్లలో దిగాక ఏం జరిగిందంటే, అక్క నోరు తెరవకముందే ఒక ముసలామె, గుంటూరు సైడ్ నుంచి వచ్చిన ముస్లిం ఆమె, వెనక కోడలు చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని ఉంది, ఆ ముసలామె మా అక్క మొహం చూసి "సంతానమా బిడ్డా?" అంది. అక్క తలూపింది. ఆమె స్టీలు డబ్బా మూత తీసి పైన కప్పిన తడిగుడ్డ పక్కకి జరిపి ఒక రొట్టె తీసింది, అక్క కొంగు తల మీదకి తనే లాగింది, "పట్టు, రెండు చేతుల్తో పట్టు" అని రొట్టె పెట్టి, కోడలి చేతిలో పిల్లాణ్ణి చూపించి "వీడు మూడేళ్ల కిందటి రొట్టె" అంది. అక్క పక్కున నవ్వింది. ఏడుస్తుందేమో అని అమ్మ భయపడింది గానీ అది నవ్వింది. అక్కడే ఒక ముక్క తుంచుకుని తిని, మిగతాది ఇంటికి తెచ్చి బావకి పెట్టింది.

తర్వాత అక్కకి పాప పుట్టింది, ట్రీట్మెంట్ వల్లా రొట్టె వల్లా అని మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తుంది, అక్క మాత్రం "రెండింటికీ ఫీజు కట్టా" అని తేల్చేస్తుంది. మీకు చెప్పాలనుకున్నది ఏంటంటే, నమ్మకం ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి, అన్నాళ్లూ చుట్టాలు పెళ్లిళ్లలో, పేరంటాల్లో గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్నే ఇక్కడ ఎవరో తెలియని మనిషి అడిగితే అక్కకి అవమానం అనిపించలేదు, ఎందుకంటే అడిగినామె కూడా అదే నీళ్లలో ఒకప్పుడు అదే మాట చెప్పుకుని నిలబడింది కదా. ఈ పండగలో ఆనందం అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. గట్టు మీద నిలబడి ఫోన్లో వీడియో తీసుకుని వచ్చేస్తే మీకు కనపడేది జనం, బురద, ట్రాఫిక్, అంతే. దిగండి. ఒక రొట్టె అడగండి.

కాకపోతే ఒక కండిషన్. రొట్టె పుచ్చుకుంటే, కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇవ్వాలి. ఒకటి పుచ్చుకున్నోళ్లు ఒకటే ఇవ్వాలా, ఎక్కువ ఇవ్వాలా అంటే ఇంటికో మాట చెప్తారు, మా ఇంట్లో అయితే అమ్మ డబ్బా నిండా చేసి అందరికీ పంచుతుంది. మీరు హైదరాబాద్ నుంచి వస్తున్నారు కాబట్టి సరదాకి నాలుగైదు రకాలు పోగేసుకోకండి, నిజంగా కావాల్సింది ఒక్కటి పుచ్చుకోండి. ఇచ్చే ఆమెతో రెండు మాటలు మాట్లాడండి, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎన్నాళ్లకి తీరింది అని, వాళ్లు చెప్పడానికి రెడీగా ఉంటారు, అసలు సగం మంది వచ్చేది అది చెప్పుకోవడానికే. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు కాబట్టి భాష రాకపోయినా సైగలతో పని అయిపోతుంది. గట్టు మీద బళ్ల దగ్గర రొట్టెలు అమ్ముతుంటారు, ఇంట్లో చేసుకు రాలేనోళ్లు అవి కొని పంచుతారు, తప్పేం లేదు, కానీ మీరు పుచ్చుకునేది మాత్రం కోరిక తీరిన మనిషి చేతి నుంచే పుచ్చుకోండి, డబ్బులిచ్చి కొనుక్కుని మీరే తినేస్తే అది టిఫిన్ కిందకి వస్తుంది.

ఏ రోజు అన్నారు కదా. పండగ ఐదు రోజులు ఉంటది, మొహర్రం నెలలో. రెండో రోజు రాత్రి గంధ మహోత్సవం, కోటమిట్ట నుంచి గంధం బిందెలు ఊరేగింపుగా దర్గాకి తెస్తారు, తెల్లవారుజాము దాకా సాగుతుంది, సమాధులకి గంధం పూశాక జనానికి పంచుతారు, దానికోసం తోపులాట మామూలుగా ఉండదు. మూడో రోజు అసలు రొట్టెల పండగ, అదే పీక్. పిలకాయలు, పెద్దవాళ్లు ఉంటే మూడో రోజు పగలు వద్దు. నాలుగో రోజు పొద్దున్నే ఐదు, ఆరు గంటలకి వెళ్లండి, రొట్టెలు అప్పుడు కూడా బాగానే దొరుకుతాయి, మనుషులతో మాట్లాడే తీరిక కూడా దొరుకుతుంది. గంధం ఊరేగింపు చూడాల్సిందే అనుకుంటే దర్గా గేటు దగ్గర కాకుండా దారిలో ఎక్కడైనా అరుగు చూసుకుని నిలబడండి.

తేదీ ప్రతి ఏడూ మారుతుంది, చంద్రమాన నెల కాబట్టి పది పదకొండు రోజులు ముందుకి జరుగుతా ఉంటది, 2025 లో జులై 6 న మొదలైంది, ఆ లెక్కన 2026 కి జూన్ ఆఖర్లోకి వస్తుంది, నెలవంకని బట్టి ఒక రోజు అటూ ఇటూ. టికెట్లు బుక్ చేసేముందు పేపర్లో చూసుకోండి. నేను కాలేజీలో ఉన్నప్పుడు, 2010, 2011 ల్లో డిసెంబర్ లో వచ్చేది, చెరువు నిండుగా, నీళ్లు చల్లగా, దిగితే పళ్లు కొట్టుకునేవి. ఇప్పుడు నెల్లూరు ఎండల్లో వస్తుంది, నీళ్లలో నిలబడటం సుఖమే గానీ నెత్తి మాడిపోతుంది, గొడుగు కాదు, తల మీదకి ఒక తువ్వాలు తెచ్చుకోండి, దర్గాలోకి వెళ్లేటప్పుడు తల కప్పుకోవడానికి కూడా అదే పనికొస్తుంది.

ఇంకొన్ని సంగతులు గబగబా చెప్పేస్తా. ట్రైన్ లో రండి, నెల్లూరు విజయవాడ చెన్నై మెయిన్ లైన్ లోనే ఉంది, ఆ ఐదు రోజులు కార్లు ఎక్కడో దూరంగా ఆపేస్తారు, నడవాల్సిందే. లాడ్జిలు ముందే నిండిపోతాయి, దొరక్కపోతే గూడూరులోనో కావలిలోనో దిగి పొద్దున్నే రైలు పట్టుకుని రావొచ్చు. మెట్లు పాచి పట్టి జారతాయి, కడ్డీ పట్టుకుని దిగండి. ఒక జత పొడి బట్టలు, ఫోన్ కి ప్లాస్టిక్ కవర్ మర్చిపోవద్దు, ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే గదులు కడతారు కానీ క్యూ ఉంటది. నగలు వద్దు. చిన్నపిల్లల జేబులో ఫోన్ నెంబరు రాసి పెట్టండి, మైకులో తప్పిపోయినోళ్ల పేర్లు పిలుస్తానే ఉంటారు. తిండికి ఇబ్బంది లేదు, చాలా చోట్ల అన్నదానాలు జరుగుతాయి, పులిహోర పొట్లాలు, మజ్జిగ పిలిచి మరీ ఇస్తారు. ఊళ్లోకి వచ్చాక చేపల పులుసు తినకుండా, మలై కాజా కొనుక్కోకుండా రైలెక్కితే మాత్రం నేను ఒప్పుకోను.

చేయకూడనివి కూడా చెప్పాలి. మొహర్రం సంతాపం నెల, వాట్సాప్ లో హ్యాపీ మొహర్రం అని ఫార్వర్డ్ చేయొద్దు, అక్కడ ఎవరికీ అట్లా చెప్పొద్దు. దర్గా లోపల కావాలంటే పూలు, చక్కెర ఇచ్చి ఫాతిహా (ఖురాన్ లోని ప్రార్థన) చదివించుకోండి, వాళ్లే చదివి కొంచెం చక్కెర తిరిగి చేతిలో పెడతారు. నీళ్లలో తడిసిన ఆడవాళ్లు ఉంటారు, ఎవరి ఏడుపు వాళ్లది, రీల్స్ కోసం మొహాల మీదకి కెమెరా పెట్టడం ఈమధ్య బాగా ఎక్కువైంది, నాకైతే ఒళ్లు మండుతుంది. ఇంకోటి, ముస్లింలందరూ ఈ పండక్కి వస్తారనుకోకండి, దర్గాల దగ్గర కోరికలు కోరడం మా పద్ధతి కాదు అనేవాళ్లు కూడా ఉన్నారు, నా చిన్ననాటి సావాసగాడు ఒకడు అంతే, చెరువులోకి రాడు, కానీ ఆ మూడో రోజు వాళ్ల ఇంటి ముందు వచ్చేపోయే వాళ్లకి మంచినీళ్ల డ్రమ్ములు పెట్టి పొద్దుగూకులూ నింపుతానే ఉంటాడు. ఎవరినైనా "మీరు రాలేదే" అని నిలదీయకండి.

మీరు ఏ రొట్టె కోసం వస్తున్నారో రాయలేదు, చెప్పక్కర్లేదు కూడా. ఇంటి రొట్టె అయితే మాత్రం కింద కామెంట్ పెట్టండి, మా అమ్మ ఈసారి అది చేస్తుంది, పోయినేడు మా తమ్ముడు ఇల్లు కట్టాడు, నాలుగో రోజు పొద్దున్నే మెట్ల దగ్గరే ఉంటుంది.