బోనులో ఉన్న కోతికి కాలం తెలుస్తుందా?

ప్రశ్న: డాక్టరుగారూ, మేం చెన్నైలో తాంబరం దగ్గర ఉంటాం. మా ఇంటి వెనక తిరిగే కోతులు ఏటా శివరాత్రి దాటాక పొట్టకు పిల్లల్ని కరిపించుకుని గోడెక్కుతాయి. కానీ ఆగస్టులో వండలూరు జూకి వెళ్తే అక్కడ సింహపు తోక కోతి ఒకటి పసిగుడ్డుతో కనిపించింది. బోనులో వేళకు తిండి పెడితే వాటికి రుతువులు తెలియవా అని మా అబ్బాయి అడుగుతున్నాడు. ఏం చెప్పను?

— ఒక పాఠకురాలు, తాంబరం

జవాబు: ముందు ఆ రెండూ వేరు వేరు జాతులని చెప్పండమ్మా. మీ గోడెక్కేవి మన దక్షిణాది మామూలు కోతులు, నడినెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు జుట్టుంటుంది చూడండి, అవే. వీటి చూలు సుమారు అయిదున్నర నెలలు, కాన్పులు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, అంటే వెనక్కి లెక్కేస్తే జత కట్టింది సెప్టెంబరు, నవంబరుల మధ్య. సింహపు తోక కోతిది పడమటి కనుమల వానల అడవి. అక్కడ కూడా అది ఏడాదిలో ఏ నెలలోనైనా కనగలదు కాబట్టి ఆగస్టు పసిగుడ్డు బోను వల్ల వచ్చిన తేడా అనుకోనక్కర్లేదు.

ఇక మీవాడి అసలు ప్రశ్నకి జవాబు రీసస్ కోతుల దగ్గర బాగా దొరుకుతుంది. గోదావరికి అవతల ఉత్తరాదంతా కనిపించే పొట్టితోక కోతులివి, చలికాలం ముందు జతకట్టి ఎండలు ముదిరేలోపు కంటాయి. వీటిని గదిలో పెట్టి, వేడి మారకుండా, రోజూ ఒకే లెక్కన లైట్లు వేసి పెంచితే చాలా ఆడకోతులు ఏడాది పొడవునా ఎదకు వస్తాయి, బయట ఉన్నవాటికైతే వేసవిలో అది ఆగిపోతుంది. మగవాటి సంగతి వేరు. ఏమీ మారని గదిలో కూడా వాటి మగ హార్మోను ఏటా ఒక కాలంలో పెరిగి మళ్లీ తగ్గుతుంది.

నేను చదువుకునే రోజుల్లో కిటికీ లేని గదిలో ఉన్న ఒక మగ రీసస్‌ని రోజూ చూసేదాన్ని. దసరా దగ్గర పడేసరికి దాని ముఖం, పిరుదులు మందారంలా ఎర్రబడ్డాయి, పెట్టిన అరటిపళ్లు సగం అలాగే ఉండిపోయేవి, మూడు వారాల్లో బరువు తగ్గింది. జబ్బేమో అని నాకు టెన్షన్, అక్కడ ఎన్నో ఏళ్లుగా మేత వేసే పెద్దాయన మాత్రం "దీని కాలం వచ్చిందమ్మా, కంగారు పడకండి" అన్నారు. ఆయన మాటే నిజమైంది.

మరి బయట ఉన్న కోతికి కాలం ఎలా తెలుస్తుంది? ఒకటి రాత్రి పొడవు. చీకట్లో మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది, రాత్రి పెరిగేకొద్దీ అది ఊరే సమయమూ పెరుగుతుంది. రీసస్‌లను భూమధ్యరేఖ దాటించి దక్షిణానికి తీసుకెళ్తే కాన్పుల కాలం దాదాపు ఆరు నెలలు జరిగిందని 1981లోనే ప్రచురించారు. అయితే ఢిల్లీలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా మూడున్నర గంటల పైన ఉంటే మన చెన్నైలో గంటన్నరే, అందుకే ఇక్కడ వానకీ, దాంతో వచ్చే చిగురుకీ ఎక్కువ పని ఉంటుందని నా నమ్మకం. 1938లో మన దేశం నుంచి నాలుగు వందల రీసస్‌లను పోర్టోరికో పక్కన ఒక చిన్న దీవిలో వదిలారు. వాటికి మనుషులే మేత పెడతారు, అయినా జతకట్టే కాలం మొదలయ్యేది అక్కడి వసంతపు వానలను బట్టే. కడుపు నిండినంత మాత్రాన కోతి వానని మర్చిపోదన్నమాట.

ఇంకో మాట, ఇది మీ ప్రశ్నలో లేదు గానీ నన్ను బాధపెట్టేది. ఒకచోట కాపలా కోసమని కోతుల బోను మీద తెల్లవార్లూ ట్యూబ్‌లైటు వెలగడం చూశాను. రాత్రి పొడవుతో నెలలు లెక్కబెట్టుకునే జంతువుకి ఆ చీకటే క్యాలెండరు, దయచేసి దాన్ని తీసేయకండి. జతకట్టే కాలంలో కొత్త మగదాన్ని గుంపులో కలపడమూ వద్దు, రీసస్‌లు ఆ నెలల్లోనే ఎక్కువగా కొట్టుకుని గాయపడతాయి.

మీ అబ్బాయికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. మీ గోడ మీద ఏటా మొదటి పిల్ల కనిపించిన తేదీ, అంతకు ముందు మీ పేటలో వానలు మొదలైన తేదీ పక్కపక్కన రాయమనండి. మూడేళ్లయ్యాక ఆ పేజీ నాకు పంపితే ఇక్కడే వేస్తాను.