థైరాయిడ్ తగ్గితే టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుంది?

థైరాయిడ్‌ను పనిచెయ్యమని పురమాయించే హార్మోన్ టీఎస్‌హెచ్. దాన్ని తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే, ఇంకా తయారుచెయ్యమని అది టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా వదులుతుంది. పిట్యూటరీకి పైనుంచి మెదడులోని హైపోథాలమస్ అనే భాగం టీఆర్‌హెచ్ హార్మోన్‌తో పురమాయిస్తుంది. థైరాయిడ్ హార్మోన్లైన టీ4, టీ3 రక్తంలో సరిపడా చేరగానే టీఎస్‌హెచ్, టీఆర్‌హెచ్ రెండూ తగ్గుతాయి. ఉదాహరణకు, దాదాపు 0.4 నుంచి 4 మధ్య ఉండాల్సిన టీఎస్‌హెచ్ 12 ఉండి, ఫ్రీ టీ4 (రక్తంలో ప్రొటీన్లకు అంటుకోకుండా విడిగా ఉండే టీ4) తక్కువుంటే లోపం థైరాయిడ్‌లోనే. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. వారానికే మళ్లీ పరీక్ష దండగ.

టీఎస్‌హెచ్ ఎక్కువంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అది తలకిందుల లెక్క. పిట్యూటరీయే దెబ్బతింటే మాత్రం టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు, ఆ అనుమానం ఉన్నప్పుడు ఫ్రీ టీ4 కూడా చూడాలి.