పాస్‌వర్డ్‌లు మారుస్తూ నాలుగు నెలలు గడిచాయి, మానేయనా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. బీటెక్ కంప్యూటర్ సైన్స్ అయ్యాక గచ్చిబౌలిలో ఒక పెద్ద కంపెనీలో ఏడాది ఐటీ అప్రెంటిస్‌షిప్‌లో చేరాను. నాలుగు నెలలైంది. చేసేదల్లా పాస్‌వర్డ్‌లు రీసెట్ చేయడం, కొత్తగా చేరినవాళ్లకి ల్యాప్‌టాప్‌లు రెడీ చేసి ఇవ్వడం. నా రూమ్మేట్ అమీర్‌పేటలో జావా కోర్సు చేస్తోంది, నా ఏడాది వేస్ట్ అంటోంది. చివర్లో ఉద్యోగం ఇస్తారో లేదో ఎవరూ చెప్పట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. మానేసి కోర్సులో చేరనా?
- పేరు వద్దన్న పాఠకురాలు, మియాపూర్

జవాబు: మానేయకు చెల్లీ. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సులు ఇవాళా ఉన్నాయి, వచ్చే ఏడాదీ ఉంటాయి. వేలమంది పనిచేసే కంపెనీ లోపల కూర్చుని అక్కడి కంప్యూటర్లు ఎలా నడుస్తున్నాయో, ఏ కారణంతో ఆగిపోతున్నాయో రోజూ చూడటం మాత్రం ఏ కోర్సులోనూ దొరకదు.

నేనూ అప్రెంటిస్‌గానే మొదలుపెట్టాను, మాదాపూర్‌లో. మొదటి మూడు వారాలు లాగిన్ కూడా రాలేదు, సెక్యూరిటీ వీడియోలు చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఉద్యోగుల కంప్యూటర్ సమస్యలు చూసే సర్వీస్ డెస్క్‌లో వేశారు. రోజుకి ఇరవై ముప్పై టికెట్లు, అంటే ఉద్యోగులు పంపే ఫిర్యాదులు, సగం ‘అకౌంట్ లాక్ అయింది, తీయండి’ అనేవే. నెల దాటాక ఒక సంగతి కంటపడింది. ఒకాయన పొద్దున లాక్ తీయించుకుని మధ్యాహ్నానికి మళ్లీ టికెట్ పెడుతున్నాడు, మర్నాడు మళ్లీ. ఫోన్ చేసి కాసేపు మాట్లాడితే తెలిసిందేంటంటే, ఆయన ముందురోజే పాస్‌వర్డ్ మార్చుకున్నాడు, కానీ సెల్‌ఫోన్లో ఉన్న ఆఫీసు మెయిల్‌లో పాతదే ఉండిపోయింది, జేబులో ఉన్న ఆ ఫోన్ దానంతట అదే పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తూనే ఉంది, తప్పులు లెక్క దాటగానే సర్వర్ అకౌంట్ మూసేస్తోంది. మేం తీయడం, అది మూయడం, ఇదే తంతు. ఆ రోజు నుంచి లాక్ తీసే ముందు ‘ఫోన్లో, ఆఫీసు వైఫైలో కూడా పాస్‌వర్డ్ మార్చారా?’ అని అడగడం మొదలుపెట్టాను. ఆ సంగతంతా ఒక పేజీలో రాసి మా టీమ్ లీడ్‌కి ఇచ్చాను. ఆ పేజీ చూసే నన్ను యాక్టివ్ డైరెక్టరీ, అంటే ఉద్యోగుల అకౌంట్లూ పాస్‌వర్డ్‌లూ ఉండే వ్యవస్థ, చూసే టీమ్ పక్కన కూర్చోబెట్టారు.

నువ్వు రీసెట్ చేస్తున్న ప్రతి పాస్‌వర్డ్ వెనక ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది. టికెట్ మూసేసి వదిలేస్తే నాలుగు నెలలూ ఒకే రోజులా గడుస్తాయి. ఎందుకైంది అని ఒక్క నిమిషం అడిగితే అదే పాఠం.

ల్యాప్‌టాప్‌ల పని కూడా తక్కువగా చూడకు. ఒకసారి అకౌంట్స్‌లో పనిచేసే ఒకావిడ ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఇస్తే, నేను మొత్తం తుడిచేసి కొత్తగా విండోస్ వేశాను. ఆవిడ మూడు నెలల లెక్కల ఫైళ్లు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి, వేరే ఎక్కడా కాపీ లేదు. ఆవిడ నన్నేమీ అనలేదు, కుర్చీలో అలా కూర్చుండిపోయింది. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తుంది. తుడిచే ముందు ఏమేం చూసుకోవాలో రాసిపెట్టిన కాగితం మా డెస్క్‌లో అప్పటిదాకా లేదు, మర్నాడే నేను రాశాను. పెద్ద కంపెనీల్లో చిన్న మార్పుకి కూడా ఇద్దరి అనుమతి ఎందుకు అడుగుతారో, తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్తావని ముందే ఎందుకు రాయమంటారో నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత ఇంటర్వ్యూల్లో నన్ను ఎక్కువగా అడిగింది కూడా ఇలాంటివే: ఏం పాడైంది, ఎలా కనిపెట్టావు, ఏం చేశావు.

ఇక నువ్వు చేయాల్సింది చెప్తాను. మీ మేనేజర్‌ని ఈ వారమే కలిసి ‘నా టికెట్లు అయ్యాక వారానికి రెండు గంటలు నెట్‌వర్క్ టీమ్ దగ్గర కూర్చుంటాను’ అని అడుగు. ‘పని ఇవ్వండి’ అంటే ఎవరూ ఇవ్వరు, వాళ్లకి ఆలోచించే తీరిక ఉండదు, అందుకే ఏ టీమో, ఎన్ని గంటలో నువ్వే చెప్పాలి. పెద్ద సర్వర్ పడిపోయినప్పుడు అందరూ ఒక కాల్‌లోకి వస్తారు, దాన్ని మ్యూట్‌లో ఉండి వినే అనుమతి తీసుకో. ఒకరు సర్వర్ తనలో జరిగినవి రాసుకునే లాగ్ చదవడం, ఇంకొకరు నిన్న రాత్రి ఏం మార్చారని అడగడం విన్నాక నీ చదువు మీద నీకే కొత్త చూపు వస్తుంది. కంపెనీ అసలు పని నడిచే ప్రొడక్షన్ సర్వర్ల మీద చేయి వేయనివ్వలేదని మాత్రం బాధపడకు, ఇవ్వకపోవడమే సరైన పని. లినక్స్ కమాండ్లు నేర్చుకో, విండోస్ పనులు కమాండ్లతో చేయించే పవర్‌షెల్ కూడా నేర్చుకో, అది ల్యాప్‌టాప్‌లు సిద్ధం చేయడంలో రేపే పనికొస్తుంది. రోజూ ఒక సమస్య, దాని కారణం నోట్‌బుక్‌లో రాసుకో, కానీ సర్వర్ల పేర్లు, ఉద్యోగుల వివరాలు అందులో ఉండకూడదు, ఆఫీసు ఫైలు ఒక్కటి కూడా సొంత మెయిల్‌కి పంపుకోకు. జావా అంటే నీకే ఇష్టం ఉంటే శని, ఆదివారాలు నేర్చుకో, దాన్నెవరూ కాదనరు.

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్పాలి. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం నువ్వు శిక్షణలో ఉన్న మనిషివి, ఉద్యోగివి కావు. ఒప్పందంలో అలా రాసి ఉంటే తప్ప ఏడాది తర్వాత తీసుకోవాలనే బాధ్యత కంపెనీకి లేదు. నీ ఒప్పందం తెరిచి ఆ ఒక్క విషయం చూసుకో. 2019లో మార్చిన నియమాల్లో డిగ్రీ చదివినవాళ్లకి నెలకి కనీస స్టైపెండ్ 9,000 రూపాయలు అని పెట్టారు, ఇప్పుడెంత ఉందో చూసుకుని, నీకు అంతకన్నా తక్కువ వస్తుంటే హెచ్‌ఆర్‌ని అడుగు. ఎనిమిదో నెలలోనే లోపల ఖాళీలేమున్నాయో వాకబు చేయి, పదకొండో నెల దాకా ఆగకు. రెండుసార్లు అడిగినా పనిలో మార్పు లేకపోతే బయట అప్లై చేయడం మొదలుపెట్టు, కానీ ఏడాది పూర్తి చేసి సర్టిఫికెట్ చేతికి తీసుకున్నాకే బయటికి రా.

ప్రశ్న: మా అబ్బాయికి పెద్ద ఐటీ కంపెనీలో అప్రెంటిస్‌షిప్ ఇప్పిస్తానని ఒకాయన లక్షన్నర అడుగుతున్నాడు. ఆఫర్ లెటర్ కూడా చూపించాడు. నమ్మొచ్చా?
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండమ్మా. అప్రెంటిస్‌షిప్‌లో కంపెనీ మీ అబ్బాయికి నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి, మీరు ఎదురు కట్టేది ఏమీ ఉండదు. ప్రభుత్వ పోర్టల్‌లో అభ్యర్థి తన పేరు తనే ఉచితంగా నమోదు చేసుకోవచ్చు, కంపెనీతో చేసుకున్న ఒప్పందం కూడా అందులోనే ఉంటుంది. ఆ ఒప్పందం నంబరు చూపించమనండి. కాగితం మీద కంపెనీ బొమ్మ ఎవరైనా వేసుకోగలరు, కాబట్టి ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న హెచ్‌ఆర్ మెయిల్‌కే రాసి అడగండి, ఆయన ఇచ్చిన నంబరుకి వద్దు. ఇప్పటికే అడ్వాన్స్ అని ఫోన్‌లో ఏమైనా పంపించి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.