వెయ్యి రికార్డులు సరే, ఏ వెయ్యి?

ప్రశ్న: అమ్మకాల రిపోర్టు తెరిస్తే లక్షల రికార్డులు వచ్చిపడి స్క్రీన్ కదలడం లేదు. మాది ఒరాకిల్ డేటాబేస్. క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ఆదేశంలో) షరతులు రాసే వేర్ దగ్గర, రోనమ్ (ఒరాకిల్ రికార్డులకు వేసే వరుస అంకె) 1000 దాటకూడదని పెట్టి, చివర బిల్లు తేదీ మీద డిసెండింగ్‌లో, అంటే కొత్తవి ముందు వచ్చేలా, ఆర్డర్ బై (పేర్చమనే ఆదేశం) రాశాను. వెయ్యే వస్తున్నాయి గానీ నిన్నటి బిల్లులు వాటిలో లేవు. ఎందుకని?
– ఒక పాఠకురాలు

జవాబు: షరతు తప్పు కాదండీ, అది అమలయ్యే వేళ వేరు. వేర్‌లోని మిగతా షరతులకు సరిపోయిన రికార్డు దొరికినప్పుడల్లా ఒరాకిల్ దానికి అక్కడికక్కడే రోనమ్ అంకె వేస్తుంది. ఆర్డర్ బై వంతు ఆ తర్వాతే వస్తుంది. కాబట్టి ముందు చేతికందిన వెయ్యి తీసుకుని, ఆ వెయ్యినే తేదీల వారీగా పేర్చి మీకిచ్చింది. పేర్పు చక్కగా ఉంటుంది కనుక చూసినవాళ్లెవరికీ అనుమానం రాదు. నాకు భయమేసేది అందుకే.

ఆర్డర్ బై ఉన్న క్వెరీ మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టి, రోనమ్ షరతు బయట రాయండి. మీది 12సీ లేదా ఆ తర్వాతి వెర్షన్ అయితే ఆ తంటా లేదు. ఆర్డర్ బై తర్వాత 'ఫెచ్ ఫస్ట్ 1000 రోస్ ఓన్లీ' చాలు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో లిమిట్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టాప్ ఇదే పని చేస్తాయి. ఆర్డర్ బై లేకుండా వాడితే మాత్రం ఏ రికార్డులు వస్తాయో వేటిలోనూ హామీ లేదు. ఒకే తేదీన బోలెడు బిల్లులుంటాయి, వాటిలో ఏది ముందో తేలాలి కాబట్టి ఆర్డర్ బైలో తేదీ పక్కన బిల్లు నంబరు కూడా చేర్చండి.

రెండో పేజీ, అంటే తర్వాతి వెయ్యి కోసం రోనమ్ 1000 కంటే ఎక్కువ అని రాస్తారేమో, ఒక్క రికార్డూ రాదు. మొదటి రికార్డుకు 1 పడుతుంది, షరతులో ఓడిపోతుంది. తర్వాతి దానికీ మళ్లీ 1 పడుతుంది. అంకె ముందుకే కదలదు.

ఇక వేగం. వెయ్యే అడిగినా, తేదీ మీద ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు ముందే వరుసలో పెట్టి ఉంచిన జాబితా) లేకపోతే తాజా వెయ్యి ఏవో తేల్చడానికి టేబుల్ అంతా చదవాల్సిందే. తేదీ, బిల్లు నంబరు రెండిటి మీదా కలిపి ఇండెక్స్ ఉంటే చివరి నుంచి చదువుకొచ్చి వెయ్యి దగ్గర ఆగిపోగలదు. అమ్మకాల రిపోర్టుకైతే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో వాడేవాళ్లనే అడగడం ఇంకా మేలని నా అభిప్రాయం.

రిపోర్టు అడుగున మొత్తం వేస్తున్నారా? అది ఆ వెయ్యి బిల్లుల మొత్తమే అవుతుంది. అసలు మొత్తాన్ని, పరిమితి పెట్టని వేరే క్వెరీతో లెక్కించండి. అలాగే వెయ్యికి బదులు 1001 తెప్పించి, వెయ్యే చూపించండి. ఆ 1001వది వచ్చిందంటే 'ఇంకా రికార్డులు ఉన్నాయి' అని రిపోర్టు తలమీదే, అందరికీ కనబడేలా వేయండి.