వెంటిలేటర్ మీద లేని రోగికి ఆసుపత్రిలో న్యుమోనియా రాకుండా పళ్ళు తోమడం పనికొస్తుందా?

పనికొస్తుంది, రోజూ నోరు శుభ్రం చేయించడం, తలవైపు మంచం ఎత్తి ఉంచడం, వీలైనంత త్వరగా లేపి నడిపించడం ఆ ముప్పును తగ్గిస్తాయి. చేరిన 48 గంటల తర్వాత మొదలైన న్యుమోనియాను ఆసుపత్రిలో వచ్చినదిగా లెక్కిస్తారు.

మంచాన పడ్డవాళ్ళ పళ్ళ మీద పేరుకునే పాచిలో కొద్దిరోజుల్లోనే మొండి బ్యాక్టీరియా చేరుతుంది. నిద్రలో లాలాజలం కాస్త ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆరోగ్యవంతులకూ జారుతుంది, కాకపోతే వాళ్ళ దగ్గు దాన్ని బయటికి నెట్టేస్తుంది.

తుంటి ఎముక విరిగి ఆపరేషనయిన పెద్దావిడనే తీసుకోండి. నొప్పికి గట్టిగా దగ్గలేదు, మందుల మగత వేరే. పాపం ఓపిక లేదని వెల్లకిలా పడుకోబెట్టే చెంచాతో జావ పోస్తారు, అసలు ప్రమాదం అక్కడే. కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక అరగంటైనా అలాగే ఉంచాలి. మింగేటప్పుడు పొలమారుతుంటే నర్సుకు చెప్పాలి. కట్టుడు పళ్ళుంటే రాత్రి తీసి కడగాలి.

ఏసీ చలికో, పక్క మంచం రోగి దగ్గుకో వచ్చిందనుకుంటారు చాలామంది. వైరస్‌లు అలా అంటుకోవచ్చు గానీ, ఎక్కువసార్లు క్రిములు వచ్చేది సొంత నోట్లోంచే. ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేయించినా ఆగదు, పైగా మందుకు లొంగని క్రిములు మిగులుతాయి.